నాగూర్‌బీ పట్టు

మచ్చిక వస్తువులు బజారులోకి వచ్చి ఏడేళ్లయింది. ఆ ఏడేళ్లలో కంపెనీకి వచ్చిన ఫిర్యాదులన్నీ దాదాపు ఒకే రకం. వారంలో కుదురుతుందన్నారు, పది రోజులైనా కత్తి పిడి చేతికి కుదరలేదని ఒకరు. దువ్వెన ఇంకా కొత్తగానే ఉందని ఇంకొకరు. అందుకే తెనాలి నుంచి రిజ్వానా అనే అమ్మాయి చేసిన ఫోను ఎవరికి కలపాలో అక్కడి వాళ్లకు తోచలేదు. నాలుగు చేతులు మారి చివరికి అది డాక్టర్ వకుళ దగ్గరికి వచ్చింది. మచ్చికను కనిపెట్టింది ఆవిడే.

"మా నాన్నగారి కత్తెర ఆయన చేతికి అలవాటు పడిపోతోందండీ," అంది రిజ్వానా. "దాన్ని ఎలా ఆపాలి?"

అలవాటు పడడమే దాని పని కదా అని వకుళ అనబోయింది. ఆ గొంతులో కంగారు విని, మొదటి నుంచీ చెప్పమంది.

మచ్చిక అంటే ఏమిటో ఈ రోజు బడి పిల్లలకు కూడా తెలుసు గానీ, అదెలా పనిచేస్తుందో తెలిసినవాళ్లు తక్కువ. పైకి మామూలు రబ్బరు పిడిలాగే ఉంటుంది. లోపల మాత్రం కంటికి కనిపించనంత చిన్న సెల్స్ కొన్ని లక్షలు ఉంటాయి. ఒక్కొక్క సెల్‌లో తేనె లాంటి చిక్కటి ద్రవం. చేతి వేడి తగలగానే అది పలచబడుతుంది. వేలు గట్టిగా నొక్కిన చోటి నుంచి పక్కకు జరిగి, ఖాళీగా ఉన్న చోటికి చేరుతుంది. పిడి మధ్యలో బియ్యపుగింజంత చిప్ ఒకటి ఉంటుంది. ఏ వేలు ఎక్కడ పడింది, ఎంత బలంగా పడింది, ఎంతసేపు ఉంది అన్నది అది రాసుకుంటూ పోతుంది. దానికి బ్యాటరీ అక్కర్లేదు, చేతి వేడే చాలు. వారం పది రోజుల్లో పిడి ఆ మనిషి చేతికోసమే పోతపోసినట్టు తయారవుతుంది. చెయ్యి మారితే అదీ మారుతుంది. వాడకుండా అల్మారాలో పెడితే మాత్రం ఎన్నేళ్లయినా చివరి చేతినే గుర్తుపెట్టుకుని అలాగే ఉంటుంది.

వకుళకు ఈ ఆలోచన చదువుకునే రోజుల్లో వచ్చింది. హాస్టల్ వంటగదిలో వంటమనిషి గరిటె పిడికి పాత సైకిల్ ట్యూబు చుట్టుకుని కనిపించాడు. ఆ తర్వాత ఏ ఇంటికి వెళ్లినా ఆమె చూపు పిడుల మీదే. ఒకచోట కత్తిపీటకు గుడ్డపీలిక, ఒకచోట స్క్రూడ్రైవర్‌కు నల్లటేపు, ఇంకోచోట కల్లాపి బకెట్టు తీగకు కొబ్బరితాడు. అలాంటివి నాలుగు వందల ఫోటోలు తీసింది. ఆ చుట్లన్నీ ఆమెకు ఫిర్యాదుల్లా కనిపించాయి. వస్తువు చేసినవాడు నా చేతిని చూడలేదని ఎవరికి వాళ్లు తమ ఇంట్లోనే చెప్పుకున్న ఫిర్యాదులు. ఇకముందు ఏ చేతికీ కాయ కాయకూడదని ఆమె అనుకుంది. పదకొండేళ్ల తర్వాత అన్నంత పనీ చేసింది. వడ్రంగి అరచేతిలో కాయ, రాసేవాళ్ల నడిమి వేలి మీద బుడిపె, దర్జీ బొటనవేలి మీద నల్లటి గీత, ఇవన్నీ పెద్దవాళ్ల చేతుల్లో మాత్రమే మిగిలాయి.

రిజ్వానా తండ్రి మౌలాలి తెనాలిలో లేడీస్ టైలర్. మాల్‌లో మిషను ముందు నిలబడితే నిమిషంలో కొలతలు తీసి, లేజర్‌తో కత్తిరించి, గంటలో జాకెట్టు చేతిలో పెడుతున్న రోజుల్లో కూడా ఆయన దుకాణానికి జనం వచ్చేవారు. జాకెట్టు మెడ వంపు తిప్పడంలో ఆయన చెయ్యే వేరని పేరు. మొదట్లో ఆయనది బరువైన ఇనప కత్తెర. ఆరేళ్ల క్రితం రిజ్వానాకు గుంటూరులో ల్యాబ్ టెక్నీషియన్ ఉద్యోగం రాగానే తండ్రికి మచ్చిక పిడి ఉన్న కత్తెర కొనిచ్చింది.

ఈ ఏడు వేసవిలో తల్లి నాగూర్‌బీ పోయింది. మధ్యాహ్నం అన్నం తిని, గుండెలో పట్టేసినట్టుందని పడుకుంది, మళ్లీ లేవలేదు. నలభయ్యో రోజు ఫాతిహా అయ్యేదాకా మౌలాలి దుకాణం తెరవలేదు. అది అయిన వారానికే ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది. రెండు నెలల ఫిజియోథెరపీ తర్వాత వేళ్లు కాస్త కదిలాయి. ఇంటికి రాగానే ఆయన అడిగింది కత్తెర. మొదటి రోజు అది చేతిలో నిలవలేదు, ఎక్కడ పట్టినా నొక్కుకుంది. ఐదో రోజుకి మాత్రం హాయిగా ఇమిడింది. రిజ్వానా సంతోషపడింది. కానీ గుడ్డ మీద పెట్టి కత్తిరించమంటే ఒక్క గీత కూడా తిన్నగా రాలేదు.

"నాన్న చెయ్యి బాగుపడలేదండీ," అంది ఆ అమ్మాయి ఫోనులో. "కత్తెరే ఆ చేతిలాగా అయిపోతోంది. పాత చెయ్యి ఎలా ఉండేదో ఇప్పుడు ఆ కత్తెరకు ఒక్కదానికే తెలుసు. అది కూడా మర్చిపోతే ఎలాగా అని."

ఏడేళ్లలో ఒక్క ఇంజినీరు కూడా ఈ సంగతి ఆలోచించలేదు. వెంటనే కత్తెరను తువ్వాల్లో చుట్టి పక్కన పెట్టమని, ఇంక ఎవరి చేతికీ ఇవ్వొద్దని, మర్నాడే తండ్రిని తీసుకుని మంగళగిరి దగ్గరున్న డిజైన్ సెంటర్‌కు రమ్మని చెప్పింది.

వాళ్లు వచ్చారు. మౌలాలికి యాభై ఆరేళ్లు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, మెడలో టేపు. టేపు ఎందుకని రిజ్వానా ఇంటి దగ్గరే అడిగిందట, అది లేకపోతే మెడ చల్లగా ఉంటుందన్నాడట. మాట నెమ్మదిగా, కాస్త ముద్దగా వస్తోంది. ల్యాబ్‌లో అటూ ఇటూ వరసగా పేర్చిన గరిటెలు, సుత్తులు, కలాలు, బ్రష్‌లు చూసి, ఇదంతా ఒక్కరే తయారు చేశారా మేడమ్ అని అడిగాడు.

వకుళ చేతితొడుగులు వేసుకుని కత్తెరను రీడర్‌లో పెట్టింది. తెర మీద ముందుగా చివరి ఐదు రోజులు కనిపించాయి. వంకరటింకర గీతలు, బలం లేని వేళ్లు. దానివల్ల పాత గుర్తుల్లో పదో వంతు చెరిగింది. మిగతాది భద్రంగానే ఉంది. ఆమె ఊపిరి పీల్చుకుని పాత రికార్డు తెరిచింది, ఆ వెంటనే నుదురు చిట్లించింది.

"ఈ కత్తెర ఇంకెవరైనా వాడేవారా?" అని అడిగింది.

టైలర్ కత్తెర ఇంకొకరు ముట్టుకోరని రిజ్వానా చెప్పింది. తన చిన్నప్పుడు బొమ్మలు కత్తిరించబోతే తల్లి చేతి మీద ఒక్కటేసిందట. వకుళ తెరను వాళ్లవైపు తిప్పింది. అక్కడ రెండు చేతులున్నాయి. ఒకటి పెద్దది. బొటనవేలు మొత్తం లోపలికి పోనిచ్చి, పొట్టిపొట్టిగా, గబగబా కత్తిరించే చెయ్యి. రెండోది సన్నటిది. బొటనవేలు మొదటి కణుపు దాకానే పోతుంది, చూపుడువేలు పిడి బయట చాచి ఉంటుంది, కత్తెర నోరు పూర్తిగా మూయకుండా పొడుగ్గా సాగిపోతుంది. గత నాలుగేళ్లలో ఈ కత్తెర చేసిన పనిలో మూడొంతులు ఆ సన్నటి చెయ్యి చేసిందే.

"దీంట్లో ఇంకో వింత ఉంది," అంది వకుళ. "ఈ రెండో చెయ్యి మధ్యమధ్యలో టక్కున ఆగిపోతుంది. రోజుకు పదిహేను ఇరవైసార్లు. కత్తెర కింద పెట్టేస్తుంది. ఒక్కోసారి నిమిషం, ఒక్కోసారి పావుగంట. ఎందుకో అర్థం కావడం లేదు."

మౌలాలి చాలాసేపు తెరనే చూశాడు. తర్వాత కూతురివైపు చూడకుండానే చెప్పాడు.

"దుకాణంలోకి ఎవరైనా వస్తే కత్తెర చప్పుడు అడ్డం కట్టిన గుడ్డతెర వెనక నుంచి వినపడుతుంది కదమ్మా. అందుకని నాగూర్‌బీ ఆపేసేది."

ఆ తర్వాత ఆయన మెల్లగా, ఆగి ఆగి చెప్పిన సంగతి ఇది. నాలుగేళ్ల క్రితం ఆయన స్కూటర్ మీంచి పడ్డాడు. భుజం పట్టేసింది. చెయ్యి ముందుకు చాచలేకపోయేవాడు. దసరా సీజను, బల్ల నిండా గుడ్డలు. నేను కత్తిరిస్తాను, మీరు కొలతలు తీసుకోండి అంది నాగూర్‌బీ. అంతదాకా ఆమె చేసింది హెమ్మింగ్, కాజాలు, హుక్కులు. తెర కట్టుకుని వెనక కూర్చుంది. మూడు నెలలకు ఆయన భుజం బాగైంది. కానీ ఆ మూడు నెలల్లో వచ్చినవాళ్లంతా ఈ మధ్య మీ చెయ్యి బాగా తిరిగింది మాస్టారూ అనడం మొదలుపెట్టారు. మెడ ఎంత బాగా కూర్చుందో అన్నారు. మొదటిసారి విన్నప్పుడే చెప్పేయాల్సింది. చెప్పలేదు. రెండోసారి నవ్వి ఊరుకున్నాడు. ఆ తర్వాత చెప్పడానికి వీలుపడలేదు. జాకెట్లన్నీ ఆమె, పిల్లల గౌన్లూ లంగాలూ తను. ఇద్దరూ ఎప్పుడూ దాని గురించి మాట్లాడుకోలేదు. తెర మాత్రం తీయలేదు.

నాతో కూడా అమ్మకు కాజాల పని ఎక్కువైందనే చెప్పేవాడివి కదా నాన్నా అని మాత్రం అంది రిజ్వానా. ఆయన తలాడించాడు.

వకుళ కాసేపు బయటికి వెళ్లి టీ చెప్పి వచ్చింది. తిరిగొచ్చాక తను చేయగలిగింది ఏమిటో వివరించింది. మచ్చికను మారకుండా ఆపడానికి ఒక దారి ఉంది. ఒక రకమైన నీలికాంతిలో పదకొండు నిమిషాలు పెడితే లోపలి ద్రవం రాయిలా గట్టిపడుతుంది. ఫ్యాక్టరీలో పాడైన పిడుల్ని పారేసే ముందు చేసే పని అది. ఒకసారి గట్టిపడితే మళ్లీ మెత్తబడదు. ఆ తర్వాత పిడి చేతికి లొంగదు, చెయ్యే పిడికి లొంగాలి. వేలు తప్పు చోట పడితే నొక్కుకుంటుంది, సరైన చోట పడితేనే హాయిగా ఉంటుంది. పోయిన పట్టును అది కొంచెం కొంచెంగా నేర్పవచ్చు. నేర్పుతుందని మాత్రం మాట ఇవ్వలేను, ఎవరూ ఇంతకుముందు చేయలేదు అని చెప్పింది. గట్టిపరిచే ముందు రెండు చేతుల్నీ విడదీయడం సాధ్యమేనని, మౌలాలి సొంత చేతిని ఒక్కదాన్నే పిడి మీదికి తెచ్చి ఆపేస్తానని అంది.

మౌలాలి టీ కప్పు ఎడమచేత్తో పట్టుకుని, ఆ సన్నటి చేతిని ఆపడానికి వీలవుతుందా అని అడిగాడు.

వీలవుతుంది గానీ అది మంచిది కాదని వకుళ చెప్పింది. ఆమె వేళ్లు సన్నం, మీవి లావు. మీ కండరాలకు ఎప్పుడూ అలవాటు లేని పట్టు అది. బాగున్న చేతికే కష్టం, పడిపోయిన చేతికి నరకం అవుతుంది. మీ చెయ్యి మీకు తిరిగొచ్చే అవకాశాన్ని పోగొట్టుకుంటారు అని ఎన్నో రకాలుగా చెప్పి చూసింది. రిజ్వానా కూడా మేడమ్ చెప్పినట్టే చేద్దాం నాన్నా అంది.

ఆయన అన్నీ విన్నాడు. "నా చెయ్యి నాకు ఇన్నాళ్లూ ఉందమ్మా," అన్నాడు. "దాంతో నేనేం కత్తిరించానో నాకు తెలుసు. ఆమెది ఈ పిడిలో తప్ప ఇంకెక్కడా లేదు."

పదకొండు నిమిషాలు నీలికాంతి ముందు ముగ్గురూ నిలబడ్డారు. అలారం మోగాక వకుళ కత్తెర తీసి ఆయన ముందు పెట్టింది. బొటనవేలు మొదటి కణుపు దగ్గరే ఆగిపోయింది.

ఆ తర్వాత ఏడు నెలలు. మొదటి నెల ఆయన గుడ్డ ముట్టుకోలేదు, కత్తెరను పట్టుకోవడం, వదలడం అంతే. బొటనవేలి మీద బొబ్బలు లేచాయి, చితికాయి, మళ్లీ లేచాయి. రిజ్వానా రోజూ గుంటూరు బస్సు దిగి రాగానే తండ్రి చేతికి మందు రాసి ప్లాస్టర్ వేసేది. ఏడేళ్లుగా ఆ ఊళ్లో ఎవరి చేతికీ పనిముట్టు వల్ల ప్లాస్టర్ పడలేదు. మందుల షాపులో ఏం జరిగిందని అడిగేవారు. రెండో నెలలో రిజ్వానా పాత జాకెట్ల లైనింగ్ ముక్కలు ఇచ్చింది. కత్తెర గుడ్డను నమిలేది. మూడో నెలలో జానెడు పొడవు తిన్నగా వచ్చింది.

వకుళ పదిహేను రోజులకోసారి కొలతలు తీసుకోవడానికి తెనాలి వెళ్లేది. మొదట్లో అది ఆమెకు ఒక ప్రయోగం. పోనుపోను కొలతలు అయిపోయాక కూడా కూర్చునేది. దుకాణంలో గోడ మీద పాత క్యాలెండర్లు, సుద్దముక్కల డబ్బా, కుట్టుమిషను నూనె వాసన. కరెంటు మిషన్లు వచ్చాక కూడా ఆయన ఉంచుకున్న తొక్కుడు మిషను చక్రం అప్పుడప్పుడూ దానంతటదే కిర్రుమనేది. చిన్నప్పుడు తన యూనిఫాం కొలతలకు ఇలాంటి దుకాణంలోనే ఊపిరి బిగబట్టి నిలబడేదాన్నని వకుళ ఒకసారి రిజ్వానాతో అంది.

నాలుగో నెలలో ఒక మధ్యాహ్నం మౌలాలి గుడ్డ మీద సగంలో ఆగి ఆమెతో అన్నాడు. "ఇరవై తొమ్మిదేళ్లు నా పక్కన కూర్చుంది మేడమ్. కత్తెర ఎలా పట్టుకుంటుందో నేనెప్పుడూ చూడలేదు. చూపుడువేలు బయట పెడితే గుడ్డ జారకుండా ఆగుతుంది. ఇంత చిన్న సంగతి నాకు ఎవరూ నేర్పలేదు."

ఏడో నెల చివర స్వరాజ్యం టీచర్ వచ్చింది. ఆవిడ రిటైరై పదేళ్లయింది. పాతికేళ్లుగా మౌలాలి దగ్గరే కుట్టించుకుంటోంది. మనవరాలి ఓణీల ఫంక్షన్‌కు నాకు జాకెట్టు కావాలి, మాల్‌లో కుట్టించింది చంకల దగ్గర పట్టేస్తోంది, మీకు వీలవుతుందా మాస్టారూ అని అడిగింది. ఆయన చాలాసేపు ఆలోచించి, పాడైతే ఏమీ అనుకోకూడదు టీచర్ గారూ అని గుడ్డ తీసుకున్నాడు. మూడు రోజులు పట్టింది. మెడ దగ్గర వంపు తిప్పుతున్నప్పుడు రిజ్వానా పక్కనే నిలబడింది. కత్తెర నోరు మూయకుండా సాగిపోయిందని, ఆ నాలుగేళ్లూ గుంటూరు బస్సు దిగి వస్తుంటే దుకాణం బయటికి వినపడింది ఆ చప్పుడేనని ఆ అమ్మాయి తర్వాత వకుళతో చెప్పింది.

టీచర్ జాకెట్టు ఇంటికి తీసుకెళ్లి, మర్నాడు అదే తొడుక్కుని దుకాణానికి వచ్చింది. ఆ రోజు వకుళ అక్కడే ఉంది. టీచర్ స్టూలు మీద కూర్చుంది. చేతులు పైకెత్తి, కిందికి దించి చూసుకుంది. ఆవిడ కళ్లు చెమ్మగిల్లాయి.

మౌలాలి లేచి నిలబడ్డాడు. ఇన్నేళ్లూ దాచింది ఇప్పుడైనా చెప్పాలని మొదలుపెట్టాడు. టీచర్ గారూ, మీరంతా నా చెయ్యి అనుకున్నది నాది కాదు, నాలుగేళ్లుగా ఈ జాకెట్లన్నీ, అని అంతవరకూ వచ్చి ఆగిపోయాడు.

"మాకు తెలుసు మాస్టారూ," అంది టీచర్.

"ఎవరికి?"

"ఇక్కడ కుట్టించుకునే ఆడవాళ్లందరికీ. చంక కింద వేలెడు వదులు మీరెప్పుడూ ఇచ్చేవారు కాదు. బస్సులో పైన కమ్మీ పట్టుకుని నిలబడే వాళ్లకే ఆ అవసరం తెలుస్తుంది. మొదటి జాకెట్టుకే పోల్చుకున్నాం. నాగూర్‌బీని అడిగితే, ఆయనతో అనకండి, చిన్నబుచ్చుకుంటారు అంది. అందుకే ఎవరమూ నోరెత్తలేదు."

తెర వెనక చప్పుడు వినపడకూడదని ఆగిపోయిన ఆ చెయ్యి, దుకాణం ముందు కూర్చున్నవాళ్లంతా ఏమీ విననట్టు కూర్చోవడం, ఇదంతా ఒక్కసారిగా ఆయన ముఖంలో కనిపించింది. ఆయన ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"బాగుందని ఆమెతో ఎవరైనా చెప్పారా?"

"ప్రతిసారీ చెప్పేవాళ్లం. శుక్రవారం మీరు నమాజుకు వెళ్లినప్పుడు వచ్చేవాళ్లం కదా. అందుకే."

మౌలాలి కూర్చుండిపోయాడు. శుక్రవారం మధ్యాహ్నాలు బేరాలు ఎక్కువ ఉంటాయని నాగూర్‌బీ అనేదట. ఎందుకో ఆయన ఎప్పుడూ అడగలేదట.

ఈ కథ ఇక్కడితో ఆగి ఉంటే మచ్చిక చరిత్ర మరోలా ఉండేది. స్వరాజ్యం టీచర్ ఫంక్షన్‌లో నలుగురికీ చెప్పింది. ఆ నలుగురిలో ఒకరి కూతురు పత్రికలో పనిచేస్తోంది. వ్యాసం వచ్చిన వారం రోజులకు డిజైన్ సెంటర్ గేటు దగ్గర జనం నిలబడ్డారు. ఒకాయన పోయిన తండ్రి గడ్డం గీసుకునే రేజర్ తెచ్చాడు. ఒకామె అక్క అట్లకాడ తెచ్చింది. అల్మారాల్లో పడి ఉన్న కలాలు, దువ్వెనలు, రెంచీలు, ముగ్గు గొట్టాలు, అన్నీ తువ్వాళ్లలో చుట్టుకుని వచ్చారు. అందరూ అడిగింది ఒకటే, ఇది మారకుండా ఆపండి.

కంపెనీ వాళ్లు మొదట వద్దన్నారు. తర్వాత ఒక గది ఇచ్చారు, ఆ తర్వాత ఒక అంతస్తు. రెండేళ్లు తిరిగేసరికి కొత్త పిడులు కొనేవాళ్లకంటే పాతవి ఆపించుకునేవాళ్లే ఎక్కువయ్యారు. గుంటూరు బజారులో, విజయవాడ బస్టాండులో ఎవరి చెయ్యి చూసినా బొటనవేలికో అరచేతికో ప్లాస్టర్ ఉండేది. ఏమైందని ఎవరూ అడిగేవారు కాదు. మా అమ్మ గరిటె నేర్చుకుంటున్నా అని వాళ్లే చెప్పేవారు. ఎవరి చేతికీ కాయ కాయకూడదని పదకొండేళ్లు కష్టపడ్డ వకుళ, నీలికాంతి విభాగానికి అధికారి అయింది. ఆమెకు అందులో బాధేమీ కనిపించలేదు. రోజూ తెర మీద కొత్త చేతులు చూడడం బాగానే ఉండేది. జ్వరంలో కూడా వంట చేసిన చేతులు, పాపను చంకనెత్తుకుని ఒంటిచేత్తో కలియబెట్టిన చేతులు, ఫోను మోగినప్పుడల్లా పట్టు సడలిన చేతులు. ఆ మనుషులెవరో తెలియకపోయినా, వాళ్లను కాస్తకాస్త తెలిసినట్టే ఉండేది.

మూడో ఏడు రేపల్లె నుంచి బసవపూర్ణమ్మ గారని ఒకావిడ వచ్చింది. డెబ్బై రెండేళ్లు, చలాకీగా ఉంది. చేతిలో గరిటె. ఎవరిదని అడిగితే తనదే అంది. నేను ఉండగానే ఆపించుకుంటే ఒక పని అయిపోతుంది, నా ముగ్గురు కోడళ్లూ నా తర్వాత దీంతోనే పులుసు కలపాలి, వాళ్ల వేళ్లకు కాస్త తెలియాలి అని నవ్వింది.

వకుళ కూడా నవ్వి గరిటెను రీడర్‌లో పెట్టింది. తెర చూసి మళ్లీ పెట్టింది. గీతలన్నీ స్కేలు పెట్టి గీసినట్టున్నాయి. ప్రతి వేలూ ప్రతిసారీ అదే చోట, అదే బలంతో. ఎక్కడా జారలేదు, ఎక్కడా తొందర లేదు, వేడికి ఉలిక్కిపడ్డ గుర్తు లేదు. వంట చేసే మనిషి చెయ్యిలా లేదది. ఫోటోకు నిలబడ్డ మనిషిలా ఉంది. అప్పుడు ఆమెకు గత రెండు మూడు నెలల్లో వచ్చిన పిడులు గుర్తొచ్చాయి. బతికున్నవాళ్లు తెచ్చినవి. అవన్నీ ఇలాగే ఉన్నాయి. రీడర్‌లో లోపమేమో అనుకుని ఆమె రెండుసార్లు దాన్ని రిపేరుకు కూడా పంపింది.

"ఎన్నాళ్లుగా ఇలా జాగ్రత్తగా పట్టుకుంటున్నారండీ?" అని అడిగింది వకుళ.

పేపర్లో చదివినప్పటి నుంచీ అని ఆవిడ గర్వంగానే చెప్పింది. రెండున్నరేళ్లు. రేపు కోడళ్ల చేతికి వెళ్లేది కదా, అడ్డదిడ్డంగా ఉంటే బాగుంటుందా? తమ వీధిలో అందరూ అంతేనట. పక్కింటావిడ అయితే అద్దం ముందు నిలబడి అట్లకాడ పట్టుకోవడం సాధన చేస్తుందట.

వకుళ మౌలాలి కత్తెర సంగతి, ఆ దుకాణంలోని గుడ్డతెర సంగతి ఏమీ చెప్పలేదు. గరిటెను ఆవిడ చేతికి తిరిగి ఇచ్చి, ఇంకో రెండు నెలలు ఇంటి దగ్గర వాడి తీసుకురమ్మని, దీన్ని ఆపిస్తున్నామన్న సంగతి మర్చిపోయి మామూలుగా వాడమని చెప్పింది.

బసవపూర్ణమ్మ గరిటె అందుకుంది. వేళ్లు వాటంతటవే వరసగా, అందంగా కూర్చున్నాయి. ఆవిడ వాటిని విప్పేసి, వదులుగా పట్టుకుని చూసింది. తలడ్డంగా ఊపి, పిడి కిందికి జరిపి పట్టుకుంది. తర్వాత పైకి. గాలిలో ఏదో కలుపుతున్నట్టు రెండుసార్లు తిప్పి ఆగిపోయింది.

"మామూలుగా నేను ఎలా పట్టుకునేదాన్నమ్మా?" అని వకుళను అడిగింది.